కమలాబాయి గుట్ట

పాత పరుపులు యాడికెల్లి వస్తయో ఎన్నడన్న ఆలోచన చేసిన్రా? చెయ్యరు. చేస్తే సగం మందికి సోఫాల కూసోబుద్ధి కాదు. బతికున్న మనిషి తన పరుపు ఎవలకిస్తడు చెప్పుండ్రి? తిరుమలగిరిల బదిలీ మీద పొయ్యే మిలిటరీ ఆఫీసర్లు ఇస్తరు, నిజమే, వాళ్లు ఊరూరికి పరుపు మోస్కపోలేరు. ఇల్లు మారేటోళ్లు కొందరిస్తరు. ఇగ మిగిలినయన్నీ పోయినోళ్లవి. మనిషి పోంగనే పరుపు చుట్టి బయటి గోడకు ఆనిస్తరు. దినాలు అయ్యే లోపల ఇంట్లకెల్లి పోవాలె అంటరు. యాడికి పోవాల్నో మాత్రం ఎవ్వలూ చెప్పరు. గా పరుపులే తిరిగి తిరిగి రెజిమెంటల్ బజార్ల బ్రహ్మచారి దుకాణానికి చేరుతయి.

బ్రహ్మచారికి అరవై రెండేండ్లు. పేరుకే బ్రహ్మచారి, కమలాబాయితోని ముప్పై ఆరేండ్లు సంసారం చేసిండు. ఒక్కతే బిడ్డ నవత, పెండ్లయి వరంగల్‌ల ఉంటది. తాతతండ్రులది వడ్రంగం. ఈయన చేతికి మాత్రం చెక్క కంటె మెత్తటిదే అచ్చొచ్చింది. సోఫా విప్పుడు, లోపలి ఫోమ్ మార్చుడు, కొత్త గుడ్డ తొడుగుడు, ఇదే పని. దుకాణం ముంగట, ఎన్క ఒక అర్ర, ఆ ఎన్క బండలు పరిచిన చిన్న వాకిలి. ఆ వాకిట్లనే ఫోమ్ కడుగుడు.

ఫోమ్ కడుగుడంటే బట్టలు ఉతుకుడు అనుకునేరు, కాదు. ముందుగాల పైన పచ్చబడి పొడిపొడి రాలే పొర మొత్తం చాకుతోని చెక్కెయ్యాలె. లోపలి తెల్లటిది చేతెడంత ముక్కలు కొయ్యాలె. గంగాళంల సబ్బు పొడి, గుప్పెడు సోడా ఏసి ఒక రాత్రి నాననియ్యాలె. పొద్దున దాంట్ల దిగి కాళ్లతోని తొక్కాలె. పిండొద్దు, పిండితే చినుగుతది, రెండు చేతుల నడుమ వత్తాలె. నీళ్లు తెల్లగ వచ్చేదాక మళ్లా మళ్లా వత్తాలె. ఎండల ఆరేస్తే రెండు నెలలకు బూడిదైతది, అందుకని నీడకే, గాలికే ఆరాలె. ఆరినంక ముక్క ముక్కుకు ఆనిచ్చి వాసన చూడాలె. మనిషి వాసన పొయ్యి ఒట్టి సబ్బు వాసన మిగిలితే అప్పుడు పని అయినట్టు. గంత తక్లీఫ్ సోఫా పని కోసం ఎవ్వలూ పడరు. బ్రహ్మచారి పడ్డది చెట్ల కోసం.

చెట్లేంది అంటరా, చెప్తున్న. ఐదేండ్ల కింద ఏ.ఎస్. రావు నగర్ కెల్లి వేణుమాధవ్ అని ఒక సార్ వచ్చిండు. ఆడి పెద్ద ఫ్యాక్టరీల ఇంజినీరు చేసి రిటైర్ అయిండు. పుట్టి పెరిగింది బొల్లారం కాడ, రైలు పట్టాల పక్కన. ఇప్పుడు లేని మీటర్ గేజ్ చిన్న లైను మొత్తం, స్టేషన్లు, గేట్లు, పొలాలు, పొగబండి సుత, మేడ మీది అర్రల బల్లల మీద కడుతున్న అన్నడు. బండి జానెడు పొడుగు. మనిషి గోరంత.

"పాత ఫోమ్ కావాలె. చెట్లు చెయ్యాలె, గడ్డి చెయ్యాలె," అన్నడు.

"ఫోమ్‌తోని గడ్డా సార్?" అని బ్రహ్మచారి నవ్విండు. మనసుల మాత్రం, పెద్దాయనకు రిటైర్ అయినంక దిమాక్ జెర ఖరాబైంది పాపం, అనుకున్నడు.

కానీ ఒక్క దినం ఆ అర్ర చూసి వచ్చినంక ఆయన దిమాకే ఖరాబైంది. తాతల చెయ్యి లోపల యాడనో నిద్రవోయి ఉండె, లేచి కూసున్నది. కడిగిన ఫోమ్‌కు రంగు నీళ్లు, జెర బంక పట్టిచ్చి, పాత మిక్సీల ఏసి తిప్పిండు. పిండి జల్లెడ పట్టిండు. మెత్తటిది గడ్డి, నడిమిది ఆకులు, దొడ్డుది పొదలు. కాలిపోయిన మోటర్లల్ల రాగితీగ తీసి మెలిపెట్టి కొమ్మలు చేసి, బంకల ముంచి, పచ్చటి పొడి చల్లిండు. ఏప చెట్టు అయింది. వేణుమాధవ్ సార్ దాన్ని అద్దాలు పెట్టుకోని చూసి, తీసి చూసి, "చారీ, నువ్వు యాడ దాక్కున్నవయ్యా ఇన్ని రోజులు?" అన్నడు. ఆ మాట పట్టుకోనే ఐదేండ్లు ప్రతి బేస్తవారం దుకాణం మూసి ఈసీఐఎల్ బస్సు ఎక్కిండు. పిచ్చోడు.

ఆ ఇంట్ల అప్పట్ల ఇంకో ఇద్దరుండేటోళ్లు. ఒకామె సార్ భార్య భవాని. మడి, పూజ, శుభ్రం గట్టిగ. మేడ మీది రైళ్ల అర్ర పక్కనే ఆమె పూజ గది. ఇంకొకామె సార్ తల్లి, తొంభైకి దగ్గర పడ్డ పెద్దమ్మ. బ్రహ్మచారి మొదటిసారి పోయిన దినం మెట్ల మీద నిలవడి ఉంటే, "ఏంది నాయినా నిలవడ్డవ్, కుర్సీ లేదా ఇంట్ల?" అని కేకేసింది ఆ ముసలామెనే. తను తాగే గ్లాసులనే చాయ పోయించి ఇచ్చింది. ఆమె పొయ్యేదాక ప్రతి బేస్తవారం అడిగేది, "చెట్టు తెచ్చినవా? ఏదీ, చూపియ్యి," అని.

రెండో ఏడు పెద్దమ్మ పోయింది. మూడో దినం సార్ ఫోన్ చేసిండు. "చారీ, అమ్మ పరుపు తీస్కపో. యాడన్న దూరంగ పారెయ్. భవాని పరేషాన్ చేస్తున్నది."

బ్రహ్మచారి ఆటోల ఏస్కోని వచ్చిండు. ఆరు అంగుళాల మందం, ఏమన్న ఫోమా అది! పారేద్దామని చెరువు దిక్కు పోబోయి మళ్లిండు. చేతులు రాలే. పెద్దమ్మ చెట్లడిగేది యాదికొచ్చింది. కడిగిండు, తొక్కిండు, ఆరవెట్టిండు, లేత పచ్చ రంగేసిండు. సార్ బల్లల మీద బొల్లారం అవతల పొలాలున్నయి సూడుండ్రి, నారు పోసినట్టు ఆ చివరి కెల్లి ఈ చివరి దాక పరుచుకున్నయి, అవన్నీ పెద్దమ్మ పరుపే. ఈ సంగతి బ్రహ్మచారి ఎవ్వలకూ చెప్పలే. వాళ్లు అడగలే. పారేసినవా అని సుత అడగలే. సార్ మాత్రం ఆ పొలాల మీద అరచెయ్యి పెట్టి, "ఎంత మెత్తగుంది చారీ," అనేటోడు వచ్చినప్పుడల్ల.

ఇగ కమలాబాయి ముచ్చట.

కమలాబాయి గేటుకాపరి బిడ్డ. మేడ్చల్ అవతల అదే చిన్న లైను మీద ఒక గేటు, గేటు పక్కన ఒక అర్ర ఇల్లు, ఇంటెనుక బండరాళ్ల గుట్ట. పన్నెండేండ్ల దాక ఆమె లోకం అదే. సార్ ఆ లైనే కడుతున్నడని తెలిసినంక ఆమె సంతోషం చెప్పనలవి కాదు. తర్వాత రెండేండ్లకు కుడి దిక్కు చెయ్యి, కాలు పడిపోయి మంచంల పడ్డది. మాట మాత్రం జెర నత్తిగున్నా తెలిసేది. పండుకున్న కాడికెల్లే పెత్తనం షురూ చేసింది.

"ఏందయ్యా, గంత పచ్చగుంటదా ఎండకాలం గడ్డి? పసుపు కలుపు, మన్ను రంగు కలుపు," అనేది.

బ్రహ్మచారి కలిపి చూపిచ్చేటోడు.

"ఆ, ఇగ గిట్ల. గుట్ట మీద గడ్డి గిట్లనే ఉండె." మళ్లా అనేది, "మా గేటు సుత పెట్టరాదు దాంట్ల. నేను గుట్ట మీద కూసుంటే బండి డ్రైవరు చెయ్యి ఊపెటోడు, ఎరికేనా? రోజూ ఊపెటోడు."

"పెడ్త."

"ఎప్పుడు పెడ్తవ్, నేను పోయినంకనా?"

"నోర్ముయ్యి," అనేటోడు. గిదే ఆయన చేసిన పాపం. రేపు పెడ్త, ఎల్లుండి పెడ్త అన్నడు. ఆ మూల సొరంగం పెట్టాల్నని సార్ గీసి పెట్టుకున్నడు, అడుగుదామంటే మొహమాటం. ఐదేండ్ల దోస్తానీ అనుకుంటడు గని ఒక్క మూల అడుగనీకి నోరు రాలే. రెండేండ్లు అడిగి అడిగి, కమలాబాయి పోయిన ఉగాది ముంగట కన్ను మూసింది.

పరుపు చుట్టి వాకిట్ల పెట్టిండ్రు వాడకట్టోళ్లు. "చారన్నా, దినాల లోపల పంపియ్యి," అన్నరు. పంపియ్యాల్నట, ఎవలకు? పోయినోళ్ల పరుపులు వచ్చే జాగనే ఆయనది. ఆయనింటి పరుపు యాడికి పోతది?

పదో దినం నవత అడిగింది, "నాయినా, అమ్మ పరుపు యాడుంది?"

"పారేసిన బిడ్డా," అన్నడు. పై గుడ్డ, దిండు, చెద్దరు నిజంగనే పారేసిండు. ఫోమ్ మాత్రం అప్పటికే నీళ్లల్ల నానుతున్నది. బిడ్డతోని ఆయన ఆడిన మొదటి అబద్ధం అది.

ఆ ఫోమ్‌ను ఆయన కడిగిన తీరే వేరు. వేరేటోళ్లది కాళ్లతోని తొక్కుతడు గదా, దీనికి కాలు తగలనియ్యలే. గొంతు కూసోని చేతులతోనే వత్తిండు, మూడు దినాలు. ఆరినంక ముక్కుకు ఆనిచ్చిండు. సబ్బు వాసన. అప్పుడు ఏడ్చిండు మనిషి, అంత దాక ఏడ్వలే. ఇంకో పని సుత చెయ్యలే. ముక్కలు కొయ్యలే. రెండేండ్లు కుడి దిక్కే ఒత్తిగిలి పండుకున్నందుకు పరుపు నడుమ ఒక గుంత పడ్డది, నడుము పట్టేంత. ఎంత కడిగినా ఆ గుంత లేవలే. ఆ ముక్క మొత్తంగ తీసిండు. చుట్టూత చాకుతోని చెక్కి గుట్ట చేసిండు. సున్నపు ముద్ద మెత్తి బండరాళ్లు చేసిండు. మిగిలిన ఫోమ్ మిక్సీల తిప్పి, ఆమె చెప్పిన రంగే, పసుపు, మన్ను కలిపి గడ్డి చల్లిండు. గుంతల అట్టతోని చేసిన గేటు ఇల్లు పెట్టిండు, అగ్గిపెట్టెంత. గుట్ట ఒడిల ఇల్లు కూసున్నట్టే ఉన్నది. గుట్ట మీద బియ్యపు గింజంత పిల్లను పెట్టిండు, ఎర్ర లంగ.

గప్పుడు సార్‌ను అడిగిండు, "ఆ మూల నాకియ్యండి సార్. సొరంగం వద్దు." సార్ మారు మాట లేకుంట ఇచ్చిండు. ఇంత అల్కగ ఇస్తడని తెలిస్తే కమలాబాయి ఉన్నప్పుడే అడిగేటోడు గదా! ఆ మాట యాదికొస్తే ఇప్పటికీ తలకాయ గోడకేసి కొట్టుకోబుద్ధయితది ఆయనకు.

గుట్ట పెట్టినంక ఆ అర్రకు ఎవలొచ్చినా ముందుగాల చూసేది దాన్నే. ఇంతల ఒక ముచ్చట తేలింది. రైలు మోడళ్లు చేసేటోళ్ల క్లబ్బు ఒకటున్నదట, వాళ్లు ఐతారం వచ్చి మొత్తం వీడియో తీస్తరట. బ్రహ్మచారికి పానం లేచొచ్చింది. అమ్మ గేటు పెట్టిన అని ఫోన్ల బిడ్డకు చెప్పిండు. వీడియో వస్తే నవత చూస్తది, అమ్మ గేటు చూస్తది. ఇగ ఆయనకు కావాల్సింది అదొక్కటే. ఐతారం దాక ఆ గుట్ట ఆ మూల ఉండాలె, బండి దాని పక్కకెల్లి పోవాలె, ఎవలో ఒకరు చూడాలె.

ఐతారానికి పది దినాల ముందటి బేస్తవారం ఇద్దరూ చాయ తాగుతున్నరు. సార్ గుట్ట దిక్కు చూసుకుంట అన్నడు, "చారీ, అన్నీ నువ్వు చేసినయే. కానీ దీంట్ల ఏదో ఉంది. దీంట్ల పానమున్నట్టున్నది. ఏం చేసినవ్ దీనికి?"

గిక్కడ నోరు మూసుకోని ఉండొద్దా? బ్రహ్మచారిని ఎన్నడూ అంత మంచి మాట ఎవలూ అనలే. పానం మెత్తగైంది. చెప్పేసిండు. పరుపు సంగతి, గుంత సంగతి, కాళ్లతోని తొక్కని సంగతి, అన్నీ. ముప్పై ఏండ్ల నుంచి ఆ ధంధాల ఉన్నోడు, ఫోమ్ యాడికెల్లి వచ్చిందో గిరాకికి ఎన్నడూ చెప్పొద్దని తెలిసినోడు, చెప్పేసిండు. దోస్తు అనుకున్నడు గదా, గిరాకి అనుకోలే.

సార్ కండ్లల్ల నీళ్లొచ్చినయి. నిజంగనే వచ్చినయి, అబద్ధం చెప్పొద్దు. బ్రహ్మచారి చెయ్యి రెండు చేతుల పట్టుకున్నడు. "ఇది మన ఇద్దరి నడుమనే ఉంటది చారీ," అన్నడు. బ్రహ్మచారి బస్సుల ఇంటికొచ్చేదాక ఆ చేతుల వెచ్చదనం చేతికి ఉండె.

మళ్లా బేస్తవారం గుట్ట మీదికి చివరిసారి చల్లనీకి జెర గడ్డి సంచిల ఏస్కోని పోయిండు. మెట్లెక్కుతుంటేనే పసుపు నీళ్ల వాసన. రైళ్ల అర్ర కడిగి ఉన్నది. బండలు ఇంకా తడి. మూల దిక్కు చూసిండు. గుట్ట లేదు.

ఒట్టి ప్లైవుడ్ చెక్క. నడుమ బంక పెచ్చులు. పట్టాలు ఆడిదాక వచ్చి, ఏం లేని జాగ పక్కకెల్లి వంగి పోతున్నయి. బల్ల మీద సన్నటి చాకు పడి ఉన్నది, బ్రహ్మచారే ఫోమ్ కొయ్యనీకి మంచిగుంటదని సార్‌కు ఇచ్చిన చాకు. దాని మొనకు పసుపు గడ్డి పొడి అంటుకోనుంది.

వేణుమాధవ్ సార్ కిటికీ కాడ నిలవడ్డడు, ఇటు మళ్లలే.

"సార్, గుట్ట ఏది?"

భవానియే వచ్చి తలుపు కాడ నిలవడ్డది. "కూసోండి చారిగారూ," అన్నది. మర్యాదకేం తక్కువ లేదు ఆ ఇంట్ల. "మీరు ఏమనుకోవద్దు. పోయిన మనిషి పరుపు ఇంట్ల పెట్టుకుంటరా ఎవరన్నా? పక్కనే నా పూజ గది. ఈయన నిన్న చెప్పిండు నాకు, అన్నం తినేటప్పుడు. చెప్పకుంట ఎన్ని రోజులు దాచిండో. నాకు ముద్ద దిగలే."

"ఇప్పుడు యాడుంది మేడం? నేను తీస్కపోత."

"పొద్దున ఏడింటికి చెత్త ఆటో వచ్చింది గదా."

అప్పటికి పదకొండు దాటింది. బ్రహ్మచారి బల్ల పట్టుకోని నిలవడ్డడు. "నాకు ఫోన్ చేస్తే నేనొచ్చి తీస్కపోతుంటి గదా సార్," అన్నడు. ఒక్క ఫోన్! ప్రతి పనికిమాలిన దానికి ఫోన్ చేస్తడు, చారీ బంక అయిపోయింది, చారీ తీగ తెగింది అని. దీనికి చెయ్యలే.

సార్ అప్పుడు మళ్లిండు. "ఏం చెయ్యమంటవ్ చారీ. ఇంట్ల శాంతి ఉండాలె గదా," అన్నడు. గొంతు మెత్తగనే ఉన్నది, చేతులు పట్టుకున్న నాటి లెక్కనే. మెత్తటి మనుషులతోనే వస్తది తంటా. గట్టిగున్నోడు తిడ్తడు, వీళ్లు జాలిగ చూసుకుంట చాకుతోని కోస్తరు.

భవాని ఊకోలే. ఊకోదు గూడా, ఆమె తప్పు అని సుత అనలేం, ఆమె నమ్మకం ఆమెది. "మా అత్తమ్మ పోతే ఆమె పరుపే ఉంచుకోలేదు చారిగారూ. మీకే ఇస్తిమి గదా పారెయ్యమని. సొంత అత్తమ్మదే ఉంచుకోలే, పరాయి ఆమెది ఉంచుకుంటనా?" అని, బల్లల మీద అటు నుంచి ఇటు దాక చూసింది. పొలాల దిక్కు సుత చూసింది. "ఇప్పుడు నాకు మనసున పడ్తలేదు. నిజం చెప్పండి. మిగిలిన ఇవన్నీ? ఈ చెట్లు, ఈ గడ్డి, ఈ పొలాలు? ఇవి యాడియి?"

బ్రహ్మచారి సార్ మొహం చూసిండు. సార్ మొహంల నెత్తురు చుక్క లేదు. ఐదేండ్ల పని. ఐతారం క్లబ్బోళ్లు. ఒక్క మాట, బ్రహ్మచారి నోట్లకెల్లి ఒక్క మాట వస్తే రేపు పొద్దున ఏడింటికి చెత్త ఆటో మళ్లా వస్తది. ఆ మాట నాలిక చివరికి వచ్చింది. చెప్దామనుకున్నడు. మీ అత్తమ్మ యాడికీ పోలే మేడం, మూడేండ్ల నుంచి మీ పూజ గది గోడకే ఆనుకోని ఉన్నది, మీ ఆయన రోజూ చెయ్యి పెట్టి నిమురుతడు, అందాం అనుకున్నడు.

అంటే ఏమయితది? పెద్దమ్మ చెత్త బండి ఎక్కుతది. కుర్సీ లేదా ఇంట్ల అని కేకేసిన పెద్దమ్మ. తన గ్లాసుల చాయ పోయించిన పెద్దమ్మ. సార్ మీద పుట్టిన కోపం సార్ మీద తీరదు, ఆమె మీద తీరుతది.

"కొత్తదే మేడం," అన్నడు. "మిగిలిందంతా దుకాణంల కొన్న కొత్త ఫోమే. మా ఇంటిది ఒక్కటే అట్లొచ్చింది. తప్పయింది."

తప్పయింది అని సుత వాడే అన్నడు, చూసిన్రా.

"హమ్మయ్య," అన్నది భవాని. సార్ ఊపిరి వదిలిండు. చెయ్యి పోయి పొలాల మీద ఆనింది, ఎప్పటి లెక్కనే. "చూసినవా, చెప్పిన గదా," అన్నడు భార్యతోని. ఏం చెప్పిండో ఏమో. మళ్లా బ్రహ్మచారితోని, "ఆ మూలకు కొత్త ఫోమ్‌తోని ఇంకొకటి చేసి తేరాదు చారీ? అచ్చం అట్లనే. ఐతారం లోపల."

"చేస్త సార్," అన్నడు బ్రహ్మచారి.

మెట్లు దిగుతుంటే సార్ ఎన్కనే వచ్చిండు, చెప్పులు సుత ఏసుకోలే. జేబుల కెల్లి ఏదో తీసి అరచేతుల పెట్టిండు. అగ్గిపెట్టెంత గేటు ఇల్లు. "ఇది తీసి పక్కకు పెట్టిన చారీ. ఇది అట్టదే గదా, దీనికేం దోషం లేదు. కొత్త గుట్టకు పనికొస్తది," అన్నడు మెల్లగ, ఏదో మేలు చేసినట్టు. బ్రహ్మచారి తీసుకున్నడు. గుట్ట మీది ఎర్ర లంగ పిల్ల ఏమైందని అడగలే. బియ్యపు గింజంతది, ఎవల కండ్లకు ఆనుతది?

బస్టాపుల చానసేపు కూసున్నడు. రెండు బస్సులు పోనిచ్చిండు. వాళ్ల అమ్మను వాళ్లింట్లనే భద్రంగ ఉంచి వచ్చిండు, కమలాబాయిని మాత్రం చెత్త ఆటోకు ఇచ్చి వచ్చిండు. ఇదే ఆ దినం ఆయన చేసిన పని. ముప్పై ఆరేండ్ల సంసారంల ఆమె అడిగింది ఒక్కటే, అది గట్ల తీర్చిండు. తనను తాను తిట్టుకున్నడు, నోరు తిరిగినంత. నా నోట్ల మన్ను వడ, ఎందుకు చెప్పిన, ఎవలు చెప్పమన్నరు అని.

కొత్త గుట్ట చెయ్యలే. సార్ శుక్రారం ఫోన్ చేసిండు, శనారం మూడుసార్లు చేసిండు. బ్రహ్మచారి సోఫా విప్పుకుంటనే ఉన్నడు, ఎత్తలే. తర్వాత బేస్తవారం ఈసీఐఎల్ బస్సు ఎక్కలే. ఇప్పటికీ ఎక్కలే. పాత మిక్సీ మీద గుడ్డ కప్పి అటక మీద పెట్టిండు. పరుపులు మాత్రం వస్తనే ఉన్నయి, పోయినోళ్లవి. వస్తే ఫోమ్ తీసి ముక్కలు చేసి సోఫాలల్ల పెడ్తున్నడు, కడుగుడు గిడుగుడు లేదు.

నెల గడిచినంక నవత వచ్చింది. ఫోన్ పట్టుకోని తండ్రి పక్కన కూసున్నది. "నాయినా, మీ సార్ వాళ్ల రైళ్ల వీడియో దొరికింది, చూద్దాం దా," అన్నది. వద్దనేలోపలే పెట్టింది.

వీడియోల వేణుమాధవ్ సార్ ఇస్త్రీ అంగి ఏసుకున్నడు. పొగబండి బొల్లారం స్టేషన్ల కెల్లి కదిలింది. క్లబ్బాయన ఎవలో అడుగుతున్నడు, ఈ పొలాలు ఇంత సహజంగ ఎట్లొచ్చినయి సార్ అని. సార్ అరచెయ్యి పెట్టి నిమిరిండు. "పట్టుకోని చూడండి, ఎంత మెత్తగుందో. కొత్త ఫోమ్‌తో ఇంట్లనే చేసినం," అన్నడు. చారి పేరు చెప్పలే. చెప్పకుంటేనే మంచిదైంది. బండి మెల్లగ మూలకు వచ్చింది. ఆడ నల్ల రంగేసిన సొరంగం ఉన్నది. బండి దాంట్ల దూరి అవతలికెల్లి ఎల్లింది.

నవత వీడియో ఎనుకకు జరిపి మళ్లా చూసింది. "నాయినా, అమ్మ గేటు పెట్టిన అన్నవ్ గదా, గుట్ట, ఇల్లు. యాడుంది? కనవడ్తలేదు."

బ్రహ్మచారి సోఫా గుడ్డ కత్తిరిస్తున్నడు. కత్తెర ఆపలే.

"వాళ్ల దగ్గర జాగ చాలలే బిడ్డా," అన్నడు.